పల్లెకు బడి

శ్రీకాకుళ విజయనగర ప్రాంతములలో చెరువు గట్టునకును, కోవెల మండపమునకును చందాలు వేసికొని పని నెరవేర్చిన గ్రామములు పెక్కు గలవు. అయినను ప్రాథమిక పాఠశాల మాట వచ్చినపుడు "అది సర్కారు పని" యని ఊరకుందుము. సొమ్ము సర్కారువారిదే కావచ్చును. బడిని నిలుపుకొనుట మాత్రము ఊరివారి పనియే యని మా యభిప్రాయము.

ఇందుకు మన ప్రాంతముననే దృష్టాంతము గలదు. శ్రీముఖలింగమునకు చేరువనున్న పర్వతాలపేటలో 1863లో జన్మించిన గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా నుండిరి. నాడు కొండలయందలి సవరలకు లిపి లేదు, బడి లేదు. పంతులుగారు వారి భాష నేర్చికొని, అందు పుస్తకములు వ్రాసి, తమ సొంత ఖర్చుతో బడులు పెట్టిరి. మద్రాసు ప్రభుత్వమువారు ఆ పుస్తకములకు పారితోషిక మీయబోగా, అది తమకు వలదనియు, ఆ ధనముతో సవరలకు బడి పెట్టింపుడనియు కోరిరి. గోడకంటె ముందు వారు చూచినది పిల్లవాని మాట గురువునకు తెలియుట. 2009 నాటి విద్యాహక్కు చట్టము కూడ సాధ్యమైనంతవరకు మాతృభాషలోనే బోధింపవలెనని చెప్పుచున్నది. కావున సీతంపేట, గుమ్మలక్ష్మీపురము కొండపల్లెలవారు బడికై అర్జీ వ్రాయునపుడు సవరభాష తెలిసిన ఉపాధ్యాయుని గూడ అందులోనే కోరవలెను.

ఆ చట్టము 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినది. అన్ని ఋతువులకు తాళు కట్టడము, బాలురకు బాలికలకు వేర్వేరు మరుగుదొడ్లు, మంచినీరు, వంటగది, ఆటస్థలము, ప్రహరీ ఉండవలెననియు, 60 మంది పిల్లల వరకు ఇద్దరు ఉపాధ్యాయు లుండవలెననియు అందు గలదు. ఇవి దయతో నిచ్చునవి కావు, హక్కుగా నడుగవలసినవి.

ఇక స్థలము సంగతి. దాత యెవరైనను నోటిమాటతో స్థలము తీసికొనరాదు. బడి పేరిట దస్తావేజు రిజిస్టరైన తరువాతనే ముగ్గు పోయవలెను. లేనిచో దాత కుమారులనాటికి తగాదా పుట్టును. వరి పండు పల్లము బడికి పనికిరాదు, మెట్టనేల మేలు. నల్లరేగడి వానకు ఉబ్బి ఎండకు బీటలు వారును గాన, గట్టి నేల తగులువరకు పునాది త్రవ్వవలెను. ఊరివారెరిగిన పెద్దవరద గుర్తుకంటె అరుగు ఎత్తుగా నుండవలెను. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస చేరువ తీరము దాటి ఉద్దానపు కొబ్బరి, జీడితోటలను నేలగూల్చిన సంగతి మనమెవ్వరము మరువలేదు. అట్టి రాత్రి బీదవారికి గట్టి కప్పు గల బడియే దిక్కు. కిటికీలు ఉత్తర దక్షిణములకుంచిన, ఎండ తగ్గి గాలి యాడును. గోడకు దగ్గరగా రావి, మఱ్ఱి నాటరాదు. వంటగది వెనుక మునగ, కరివేప చాలును.

పని కాలము గూడ పంటను బట్టి యేర్పరచుకొనవలెను. నూర్పిళ్లు ముగిసిన పుష్యమాసమున మొదలుపెట్టిన, తొలకరికి ముందే కప్పు పడును. సంక్రాంతికి వలసపోయినవారు ఇండ్లకు వత్తురు. వారిలో తాపీపని, వడ్రంగము, ఇనుపకమ్మీలు కట్టుపని నేర్చినవారున్నారు. దూరపు పట్టణములలో పరుల మేడలు కట్టు చేతులు సొంత పల్లె బడికి నాలుగుదినములు పనిచేయుట కష్టము కాదు. అయితే వారితో పిల్లలును వలసపోయిన, హాజరు పడిపోవును. హాజరు పడిపోయిన ఉపాధ్యాయుని పోగొట్టుకొందుము. సమగ్ర శిక్ష పథకమునందు వలసకాలపు వసతిగృహములకు వీలు కలదు. తల్లిదండ్రులు ప్రయాణమునకు ముందే ఆ సంగతి విచారించుకొనవలెను.

చివరగా లెక్కలు. 2019లో ప్రారంభమైన "మన బడి: నాడు–నేడు" పథకము మొదటి విడతలో 15,715 బడులను ఎన్నుకొని, పనులను తల్లిదండ్రుల సంఘముల ద్వారా జరిపించిరి. చట్టము ప్రకారము బడి నిర్వాహక సంఘమున నాలుగింట మూడు పాళ్లు తల్లిదండ్రులును, మొత్తములో సగము స్త్రీలును ఉండవలెను. సహకార సంఘమున మనము నేర్చిన పద్ధతులే ఇచ్చటను పనికివచ్చును. పైకము బ్యాంకులోనుంచి ఇద్దరి సంతకములతో తీయవలెను. సిమెంటు బస్తాలు వచ్చినపుడు ఇద్దరు తల్లులు లెక్కించి చిట్టాలో వ్రాయవలెను. వ్రాత రానిచో వేలిముద్ర వేయవలెను. నెలకొకసారి రచ్చబండ యొద్ద జమాఖర్చులు చదివి వినిపింపవలెను. లెక్క విన్నవాడు మరునాడు పనికి వచ్చును. విననివాడు అనుమానముతో ఇంటనే యుండును.

సభ్యులారా, రాబోవు సర్వసభ్య సమావేశమున ఎరువులు, అప్పుల విషయము ముగిసిన పిమ్మట ఒక్క ప్రశ్న వేయుడు: మన పల్లెలో ఆరేండ్లు నిండియు బడికి పోని పిల్లలెందరు? వారి పేర్లు తీర్మానపు పుస్తకములో వ్రాయించుడు. కూలివాని బిడ్డ పేరు, కొండపల్లె బిడ్డ పేరు విడువకుడు. ఆ జాబితాయే మీ అర్జీకి మొదటి కాగితము.