కొలిమి దుమ్ము పొగను శుభ్రం చేయగలదా?

బీదర్‌లో బిద్రీ పనివారు జింకులో కాస్త రాగి కలిపి పాత్రను పోత పోస్తారు. వెండి పొదిగాక పాత్రను వేడిచేసి, కోట మట్టిని నవాసాగరంతో కలిపిన ముద్ద పూస్తారు. పాత్ర నల్లబడుతుంది, వెండి మాత్రం తెల్లగా మెరుస్తూనే ఉంటుంది. ఏది ఏ లోహం మీద పనిచేస్తుందో తెలిస్తే మట్టి కూడా పనిముట్టే. విశాఖ ఉక్కు కర్మాగారం వంటి చోట్ల బ్లాస్ట్ ఫర్నేస్ నుంచి వచ్చే దుమ్మునూ ఇదే కంటితో చూడాలి. అందులో ఐరన్ ఆక్సైడ్ దండిగా ఉంటుంది. సుమారు 300–400 డిగ్రీల వేడిలో దాని ఉపరితలం మీద పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లు, మనం కలిపే అమ్మోనియా కలుసుకుని నైట్రోజన్‌గా, నీటి ఆవిరిగా మారతాయి. ఐరన్ ఆక్సైడ్ మాత్రం ఖర్చయిపోదు. అందుకే దాన్ని ఉత్ప్రేరకం అంటాం.

ఆ దుమ్మును మళ్లీ కొలిమిలోనే వేయొచ్చుగా? వేస్తారు, కానీ దుమ్ములోని జింకు, పొటాషియం పేరుకుంటే కొలిమికే చేటు. పొటాషియం ఉత్ప్రేరకానికీ శత్రువే. అమ్మోనియా అంటుకోవలసిన చోట్లను అది ఆక్రమిస్తుంది. కాబట్టి ముందు దుమ్మును బాగా కడగాలి. వేడికి ఐరన్ ఆక్సైడ్ రేణువులు ఒకదానికొకటి అతుక్కుంటే ఉపరితలం తగ్గి పని మందగిస్తుంది. మధ్యలో అల్యూమినా, సిలికా అడ్డుగా నిలిస్తే మన్నిక పెరుగుతుంది. రోజుకో రకంగా ఉండే దుమ్మును నమ్మేదెలా అన్న అనుమానం న్యాయమైనదే. ప్రతి విడతనూ పరీక్షించి, పాళ్లు సరిచేశాకే వాడాలి. కడిగిన నీటిని లోహాలతో సహా చెరువులోకి వదిలితే ఒక కాలుష్యం పోయి మరొకటి వస్తుంది. ఆ నీటిని శుద్ధిచేసే ఖర్చు కూడా కలిపి చూసినప్పుడే దుమ్ము ఎంత చవకో తేలుతుంది.