ఇంటర్‌స్టెల్లార్‌లోని బ్లాక్ హోల్: సైన్స్ ఎంత, సినిమా ఎంత?

మా గుడిబండలో ఎవరు కొత్త ఫోన్ కొన్నా, ఓఎల్ఈడీ డిస్‌ప్లే బ్లాక్ లెవెల్స్ చూడమని నాకిస్తారు. నేను ప్లే చేసేది 'ఇంటర్‌స్టెల్లార్'లోని గార్గాంటువా సీన్. నల్లటి గుండ్రం, చుట్టూ బంగారు రంగు వలయం. డిస్‌ప్లే సంగతి సరే, అసలు ఆ బొమ్మ ఎంతవరకు నిజం?

చాలావరకు నిజమే. 2014లో వచ్చిన ఈ సినిమాకి ఫిజిక్స్ చూసుకున్నది కిప్ థోర్న్. ఆయన సమీకరణాలతో డబుల్ నెగెటివ్ టీమ్ రెండరింగ్ సాఫ్ట్‌వేర్ రాసింది. కొన్ని ఫ్రేములకి 100 గంటల దాకా పట్టింది. వలయం పైనా కిందా కనపడటం గిమ్మిక్ కాదు. వెనకున్న డిస్క్ వెలుగు గురుత్వాకర్షణకి వంగి మన వైపు వస్తుంది, అంతే.

మరి కోత ఎక్కడ పడింది? డిస్క్ విపరీతమైన స్పీడుతో తిరుగుతుంది కాబట్టి మన వైపు వచ్చే పక్క బాగా మెరవాలి, దూరంగా పోయే పక్క మసకబారాలి. ప్రేక్షకులు తికమకపడతారని దీన్ని తీసేశారు. నేనైతే ఇక్కడే మార్కులు తగ్గిస్తా. 2019 ఏప్రిల్ 10న ఎం87 బ్లాక్ హోల్ మొదటి ఫోటో బయటికొచ్చినప్పుడు వలయంలో ఒక పక్క ఎక్కువ మెరుస్తూనే ఉంది మరి!

ఆ ఫోటో తీసింది రేడియో టెలిస్కోపులు. హిందూపురం దాటితే వచ్చే గౌరిబిదనూరులో కూడా రేడియో టెలిస్కోప్ ఉంది కదా, దాంతో తీయొచ్చా అని అడగొచ్చు. కుదరదు. అక్కడి పాత యాంటెన్నాలు పనిచేసిన 34.5 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు దాదాపు 8.7 మీటర్లు. ఎం87 ఫోటోకి వాడింది 1.3 మిల్లీమీటర్లు, అది కూడా భూమంత వెడల్పున టెలిస్కోపుల్ని కలిపి.

ఇక అందరూ అడిగే సీన్: మిల్లర్ గ్రహం మీద 1 గంట, భూమ్మీద 7 ఏళ్లు. లెక్క తప్పు కాదు. కాకపోతే బ్లాక్ హోల్ స్పిన్ గరిష్ఠానికి కోటి కోట్లలో ఒక వంతు మాత్రమే తక్కువ ఉండాలి. తెర మీది బొమ్మకి మాత్రం 60 శాతం స్పిన్‌ పెట్టారు, లేదంటే నీడ ఒక పక్క నొక్కుకుపోయినట్టు కనిపిస్తుంది. అంటే కథకో స్పిన్, బొమ్మకో స్పిన్! మన 'ఆదిత్య 369' నయం, టైమ్ మెషీన్‌కి లెక్కలు చెప్పే పనే పెట్టుకోలేదు.

ఇదంతా సినిమా గోలే అనుకోకండి. జీపీఎస్ ఉపగ్రహాల్లోని గడియారాలు మన గడియారాల కంటే రోజుకి 38 మైక్రోసెకన్లు ముందుకి పోతాయి. గురుత్వం తక్కువైనందుకు 45 కలుస్తుంది, వేగం వల్ల 7 తగ్గుతుంది. దీన్ని సరిదిద్దకపోతే ఒక్క రోజుకే లొకేషన్ సుమారు 10 కిలోమీటర్లు తప్పుతుంది. మడకశిరకి దారి అడిగితే మ్యాప్ ఏ చెరువులోకో తీసుకెళ్తుంది.

ఇప్పుడు మనవాళ్లు కూడా బ్లాక్ హోల్స్ వెంట పడ్డారు. 2024 జనవరి 1న శ్రీహరికోట నుంచి ఇస్రో పంపిన ఎక్స్‌పోశాట్, వాటి చుట్టూ పుట్టే ఎక్స్ కిరణాలు ఏ దిశలో కంపిస్తున్నాయో కొలుస్తోంది. అందులోని పోలిక్స్ పరికరాన్ని తయారుచేసింది బెంగళూరులోని రామన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్.