మీకు తెలుసా? జానెడు కన్నం, పదిహేను గాలాలు

జనవరి నెల, మిన్నెసోటా. సరస్సంతా గడ్డకట్టి పంట కోసేసిన పొలంలా చదునుగా పరుచుకుని ఉంటుంది. దాని మీద కార్లు ఆగి ఉంటాయి, చిన్నచిన్న గదులు వెలిసి ఉంటాయి. ఒకాయన మడతకుర్చీలో కూర్చుని కాఫీ తాగుతుంటాడు. యాభై అడుగుల అవతల, మంచులోంచి నారింజరంగు జెండా ఒకటి టక్కున పైకి లేస్తుంది. చుట్టుపక్కలవాళ్ళు "ఫ్లాగ్!" అని కేక పెడతారు. ఆయన కాఫీ అక్కడే పెట్టేసి, జారుతూ తూలుతూ పరుగెత్తుతాడు. ఎక్కడో అడుగున ఒక చేప ఎర అందుకుందన్నమాట.

ఇలాంటి జెండాలు ఒక్కో మనిషి ఎన్ని పెట్టుకోవచ్చు? అమెరికాలో దీనికి రాష్ట్రానికో జవాబుంది. మన దగ్గర చెరువు పాట పాడుకున్నవాడు గాలం కనిపిస్తే తరుముతాడు గానీ, ఎన్ని వేశావని లెక్కపెట్టడు. అక్కడ లెక్కపెట్టడానికి యూనిఫాం వేసుకున్న అధికారి స్నోమొబైల్ మీద వస్తాడు.

◆ ఆ జెండా ఉన్న సామానును టిప్-అప్ అంటారు. చాలా సాదా యంత్రం. ఐసులో తొలిచిన కన్నం మీద అడ్డంగా ఒక చెక్కబద్ద. దాని నుంచి నిలువుగా నీళ్ళలోకి దిగిన కడ్డీ. కడ్డీ చివర గాలిపటం చరఖా అంత రీలు, దానికి దారం, దారం చివర గాలం, గాలానికి బతికున్న చిన్న చేపపిల్ల. రీలు నీళ్ళలో మునిగి ఉండటంలోనే తెలివంతా ఉంది. పైన గాలి మైనస్ 20 డిగ్రీలున్నా కింద నీరు నీరుగానే ఉంటుంది కాబట్టి, రీలు బిగుసుకుపోకుండా తిరుగుతుంది. చేప ఎర లాక్కుపోతే రీలు తిరుగుతుంది, రీలు తిరిగితే పైన ఉన్న కొక్కెం విడిపోతుంది, వంచి కట్టిన స్టీలు రేకు నిటారుగా లేస్తుంది. దాని కొసనున్న గుడ్డముక్కే జెండా.

ఇక అక్కడి నుంచి పని చేతులదే. గాలపు కర్ర ఉండదు, తిప్పడానికి చక్రం ఉండదు. గ్లవ్స్ తీసేసి, తడిదారాన్ని వేళ్ళతో పట్టుకుని మూరలు మూరలుగా పైకి లాగాలి. చేప గుంజితే వదలాలి, ఆగితే లాగాలి. బావిలో చేద తోడినంత తేలిక కాదు. అంతా చేశాక కన్నంలోంచి ఖాళీ గాలం వచ్చే రోజులే ఎక్కువ. ఒక్కోసారి చేపే ఉండదు, గాలి విసురుకు జెండా ఉత్తుత్తినే లేస్తుంది.

◆ కన్నంలో మళ్ళీ మళ్ళీ పేరుకునే ఐసుముక్కల్ని తీసేయడానికి వాళ్ళు వాడే గరిటె అచ్చం మన బూందీ జల్లిగరిటెలా ఉంటుంది. కన్నం తొలిచే ఆగరేమో వడ్రంగి బర్మాకు పెద్దన్న.

◆ ఇప్పుడు అసలు లెక్క. పదివేల సరస్సుల రాష్ట్రమని కార్ల నంబరు ప్లేట్ల మీద రాసుకునే మిన్నెసోటాలో, ఐసు మీద మనిషికి రెండే గాలాలు. వేసవిలో అయితే మామూలుగా ఒక్కటే. పక్కనున్న విస్కాన్సిన్‌లో మూడు, మిషిగన్‌లోనూ మూడే. పడమటికి వెళ్తే ఉత్తర డకోటా, దక్షిణ డకోటాల్లో నాలుగేసి. మిన్నెసోటాలోని మూర్‌హెడ్‌కూ ఉత్తర డకోటాలోని ఫార్గోకూ మధ్య ఉన్నది ఒక్క రెడ్ రివరే. వంతెన దాటి కాపురం మారిస్తే, ఆ రాష్ట్రపు చెరువుల మీద గాలాల కోటా రెట్టింపవుతుందన్నమాట.

తూర్పుకు పోయేకొద్దీ చేతులు ధారాళమవుతాయి. పెన్సిల్వేనియా, మెయిన్ రాష్ట్రాల్లో అయిదు. న్యూ హ్యాంప్‌షైర్‌లో సాధారణంగా ఆరు. న్యూయార్క్‌లో ఏడు. వెర్మాంట్‌లో ఎనిమిది. ఇక వెర్మాంట్‌కూ న్యూయార్క్‌కూ మధ్య పొడవుగా పడుకుని, తలను కెనడాలోకి చాచిన షాంప్లేన్ సరస్సు మీద మనిషికి ఏకంగా 15! ఈ ఒక్క సరస్సు విషయంలో రెండు రాష్ట్రాలూ ఒకే మాట మీద ఉన్నాయి. లేకపోతే ఐసు మీద గీత గీసి, ఇటు పదిహేను, అటు ఏడు అని తగువులు తీర్చాల్సి వచ్చేది.

మరి మిన్నెసోటావాళ్ళు పిసినారులా, షాంప్లేన్‌వాళ్ళు ఆశపోతులా? అలా అనుకుంటే పొరపాటు. ఎన్ని గాలాలు వేసినా ఇంటికి తీసుకుపోగలిగే చేపలకు రోజువారీ కోటా వేరే ఉంటుంది, ఒక్కో జాతికి ఒక్కో అంకె. కోటా నాలుగైతే, నాలుగూ రెండు గాలాలతో పట్టినా పదిహేనింటితో పట్టినా నాలుగే. నా మట్టుకు నాకు, గాలాల లెక్క చేపల గురించి కాదనిపిస్తుంది. ఒక మనిషి ఏకకాలంలో ఎన్నింటి మీద కన్నేసి ఉంచగలడన్నదే అసలు ప్రశ్న. దానికి రెండని ఒకరు, పదిహేనని ఒకరు అంటున్నారు. పెళ్ళివంటల మేస్త్రీని అడిగినా ఎన్ని పొయ్యిలు చూసుకోగలడన్నదానికి ఇలాంటి జవాబులే వస్తాయి.

◆ మసాచుసెట్స్‌లో లెక్కపెట్టేది దారాలను కాదు, గాలపు ముళ్ళను. ఐసు మీద అయిదు ముళ్ళు, మామూలు నీళ్ళలో రెండు.

◆ అయోవాలో రెండు గాలాలకు అనుమతి. మూడోది కావాలా? దానికి విడిగా డబ్బు కట్టి పర్మిట్ తీసుకోవాలి.

◆ కన్నేసి ఉంచడం అనేది ఊరికే అనలేదు, దాన్ని అడుగుల్లో రాసి పెట్టారు. మిన్నెసోటాలో టిప్-అప్‌కు 200 అడుగుల లోపల ఉండాలి. అంటే మూడు క్రికెట్ పిచ్‌లు వరసగా పేర్చినంత దూరం. విస్కాన్సిన్‌లో 100 గజాలు, నాలుగున్నర పిచ్‌లు. పైగా చేప తగిలిన సూచన కనిపించగానే కదిలి వెళ్ళాలని కూడా షరతు. గాలాలు వేసి ఊళ్ళోకి వెళ్ళి భోంచేసి వస్తామంటే కుదరదు.

ఇందులో కిటుకేమిటంటే, పట్టించుకోకుండా వదిలేసిన గాలాన్ని చేప లోపలికంటా మింగేస్తుంది. వెంటనే లాగితే ముల్లు పెదవికి పట్టుకుంటుంది. ఆలస్యమైతే గొంతు దాటి పేగుల్లోకి పోతుంది. కోటాకు మించినదో, కొలతకు తక్కువదో అయి దాన్ని తిరిగి నీళ్ళలో వదిలినా బతకడం కష్టం. చట్టంలో ఆ 200 అడుగుల వెనక ఉన్నది మనిషి మీద అనుమానం కాదు, చేప గొంతు.

అయితే మిన్నెసోటావాళ్ళు దీనికీ ఒక సుఖమైన దారి కనిపెట్టారు. వాళ్ళ ఐసు గదుల గోడలకు రాటిల్ రీల్ అనే చక్రాలు బిగించి ఉంటాయి. గది నేలలోనే కన్నం, పక్కనే బల్లమంచం. అర్ధరాత్రి చేప లాగితే చక్రంలోని గోళీలు గలగలమంటాయి. దుప్పటి కప్పుకున్నవాడు ఉలిక్కిపడి లేస్తాడు. నిద్రపోతూ కాపలా కాయడమంటే ఇదే.

◆ కన్నానికీ కొలత ఉంది. పెన్సిల్వేనియాలో ఎటు కొలిచినా 10 అంగుళాలు దాటకూడదు, అంటే జానెడు మీద ఒక అంగుళం. విస్కాన్సిన్ లోపలి సరస్సుల మీద 12 అంగుళాలు. చేప పెద్దదైతే కన్నంలో పట్టదేమోనని అడగొచ్చు. పట్టకపోతే దాని అదృష్టం. కొలత పెట్టింది మనిషి కోసం. మీరు ఇంటికి వెళ్ళాక ఆ కన్నం మీద పల్చగా ఐసు పేరుకుంటుంది, దాని మీద మంచు కురుస్తుంది, మర్నాడు పొద్దున అటు నడిచేవాడికి అక్కడ కన్నమున్నట్టే తెలియదు. జానెడు కన్నంలో మనిషి కాలు దిగుతుంది, మనిషి దిగడు.

◆ ఇంతకీ ఐసు మనల్ని ఎంతవరకు మోస్తుంది? మిన్నెసోటా సహజవనరుల శాఖ చెప్పే కొలతల్ని మన కొలతల్లోకి మార్చుకోవచ్చు. నడిచేవాడికి 4 అంగుళాలు, ఇంచుమించు బెత్తెడు. చిన్న కారుకు 9 నుంచి 10, జానెడు పైచిలుకు. బరువైన ట్రక్కుకు 16, 17 అంగుళాలు, దాదాపు మూరెడు. ఇది గట్టిగా, గాజులా ఉన్న కొత్త ఐసు సంగతి. తెల్లగా నురుగులా ఉన్న ఐసైతే మందం రెట్టింపు ఉండాలి. ఎంత మందమున్నా ఐసు మీద భద్రత నూటికి నూరుపాళ్ళు ఉండదని ఆ శాఖే ప్రతి ఏడూ చెబుతుంది.

◆ ఐసు కింద చేప ఎలా బతుకుతుందంటారా? నీరు 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర అన్నిటికన్నా బరువుగా ఉంటుంది. ఆ నీరు అడుగుకు చేరుతుంది, ఇంకా చల్లబడినది పైకి తేలి గడ్డకడుతుంది. పైన కప్పు, కింద కాపురం.

◆ సొంతదారు పేరు రాయకుండా టిప్-అప్ పెడితే మిషిగన్‌లో, విస్కాన్సిన్‌లో తప్పే. వాటి మీద పేరూ చిరునామా ఉండాలి. మిషిగన్‌లో వాటికి బదులు గుర్తింపు నంబరు రాసినా ఒప్పుకుంటారు. మన ఇళ్ళలో ఇత్తడి బిందెలకు పేర్లు చెక్కించుకున్నట్టు, చలికాలం రాకముందే కూర్చుని ఒక్కో బద్దకీ పేరు రాసుకుంటారు.

ఐసు మీది గదులకైతే రాష్ట్రానికో పేరు. మిన్నెసోటాలో ఫిష్ హౌస్, మిషిగన్‌లోనూ వెర్మాంట్‌లోనూ షాంటీ, న్యూ హ్యాంప్‌షైర్‌లో బాబ్‌హౌస్, మెయిన్‌లో షాక్. అన్నట్టు, మెయిన్‌వాళ్ళు టిప్-అప్‌ను కూడా ఆ పేరుతో పిలవరు, ట్రాప్ అంటారు. ఆ మాట విని ఎలుకల బోను ఊహించుకుంటే మనదే తప్పు.

గదిని ఎత్తేయడానికీ గడువుంది. మిన్నెసోటా దక్షిణాన మార్చి మొదటి సోమవారం, ఉత్తరాన మూడో సోమవారం. న్యూ హ్యాంప్‌షైర్‌లో ఏప్రిల్ 1 లోపు. వెర్మాంట్ నియమం నాకు నచ్చింది: మార్చి చివరి ఆదివారమో, గదిని మోసే శక్తి ఐసుకు పోయే రోజో, ఏది ముందైతే అదే గడువు. తేదీని క్యాలెండరుతో పాటు ఐసు చేతిలో కూడా పెట్టారు. మాట వినకపోతే జరిమానా వెయ్యి డాలర్ల దాకా పోతుంది. మునిగిన గదిని సరస్సు అడుగు నుంచి తీయించాలంటే అంతకన్నా ఎక్కువే అవుతుందేమో.

ఐసు మీద చెత్త వదిలినా మిన్నెసోటాలో 2023 నుంచి 100 డాలర్ల జరిమానా. ఐసు కరిగితే ఆ చెత్త ఎక్కడికి పోతుందో వేరే చెప్పక్కర్లేదు.

◆ మినియాపొలిస్ చుట్టుపక్కల ఉంటూ, చలికాలం వచ్చిందంటే ఇల్లు కదలని తెలుగు కుటుంబాలకు ఒక కబురు. జనవరిలో మార్టిన్ లూథర్ కింగ్ సెలవు కలిసొచ్చే శని, ఆది, సోమవారాల్లో, పదహారేళ్ళు నిండని పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్ళిన మిన్నెసోటా పెద్దలకు లైసెన్సు అక్కర్లేదు. విస్కాన్సిన్‌లో కూడా జనవరి మూడో వారాంతం ఉచితమే. గాలాల లెక్క మాత్రం ఉచిత రోజుల్లో కూడా వదలరు. నియమాలు ఏడాదికో రకంగా సవరిస్తుంటారు గనక, ఆ ఏటి పుస్తకం తిరగేసి బయల్దేరడం మేలు.

◆ కన్నం కొలత నియమాన్ని కట్టగట్టి పక్కన పెట్టే చోటు ఒకటుంది. విస్కాన్సిన్‌లోని విన్నెబేగో సరస్సు. ఫిబ్రవరిలో అక్కడ స్టర్జన్ అనే పురాతన జాతి చేపను ఈటెతో పొడుస్తారు. గాలం లేదు, ఎర లేదు. ఐసులో 48 చదరపు అడుగుల దాకా, అంటే డబుల్ కాట్ మంచం కన్నా పెద్ద కన్నం కోయొచ్చు. దాని మీద కిటికీల్లేని గదిని నిలబెడతారు. చీకట్లో కూర్చుంటే కింద నీళ్ళు పచ్చగా వెలుగుతాయి. అందులోకి చెక్కబొమ్మ చేపను వేలాడదీసి గంటల తరబడి చూస్తూ ఉండటమే. కొందరు ఏళ్ళ తరబడి కూర్చుని ఒక్కదాన్నీ చూడరు. 2010లో ఒకరికి 212 పౌండ్ల చేప దొరికింది. 96 కిలోలు!

మిషిగన్‌లోని బ్లాక్ లేక్ సంగతి ఇంకా వింత. అక్కడ స్టర్జన్ల కోటా మొత్తం జనానికి కలిపి ఆరు. 2022లో పొద్దున సీజన్ తెరిచారు, 36 నిమిషాల్లో మూసేశారు. ఏడాదంతా ఎదురుచూసి, కుర్చీ సర్దుకుని, ఫ్లాస్కు మూత తీసేలోపు అయిపోయింది.

◆ చివరగా, ప్రభుత్వమే కోటా ఎత్తేసే సందర్భం కూడా ఉంది. లోతు తక్కువ చెరువుల మీద మంచు మందంగా పేరుకుంటే వెలుతురు కిందికి దిగదు. నీటిమొక్కలు ప్రాణవాయువు ఇవ్వడం మానేస్తాయి, చచ్చి కుళ్ళుతూ, నీటిలో మిగిలిన ప్రాణవాయువును కూడా లాగేస్తాయి. చేపలు మూకుమ్మడిగా చస్తాయి. ఒక చెరువుకు ఆ గతి తప్పదని తేలితే, మిన్నెసోటా సహజవనరుల శాఖ ఫలానా తేదీ వరకు అని ప్రకటించి, రాష్ట్రవాసులను ఇంటి అవసరానికి ఎన్ని చేపలైనా పట్టుకోమంటుంది. అంతకాలం కొలతలు పెట్టి, అడుగులు లెక్కపెట్టి కాపాడిన చేపలే అవి. ఆ తేదీ దాటాక ఇంకా బతికున్న చేప ఏదైనా ఉంటే, దానికి మళ్ళీ పాత కోటా వర్తిస్తుంది.