తెల్లవారుజామున ఆగిపోయే బండి: కారణం పట్టుకొనే పద్ధతి

పాలు పోసే సభ్యులకు కారు ఇంజనుతో ఏమి పని అని కొందరు అడగవచ్చు. పని వుంది. ఊళ్లలో క్యాన్లు ఎక్కించుకొని శీతల కేంద్రానికి చేర్చే బండి గాని, పాకెట్లు దింపుకుంటూ గుంటూరు బ్రాడీపేట లైన్లు తిరిగే వాను గాని, రెండూ చీకటితోనే స్టార్టు కావలసినవి. పిండిన పాలను రెండు మూడు గంటలలోగా చల్లబరచాలి. 4 డిగ్రీలకు దించిన పాలే నిలుస్తాయి. దారిలో బండి గంటసేపు మొరాయిస్తే క్యానులో పులుపు ఆగదు. కేంద్రం దగ్గర కాచి చూసినప్పుడు విరిగిందంటే ఆ క్యాను మొత్తం వెనక్కి వస్తుంది. ఆ నష్టం డ్రైవరుది కాదు, ఆ పూట పాలు పోసిన వారందరిది. కనుక బండి పొద్దున పూట ఎందుకు ఆగిపోతున్నదో సంఘం కార్యదర్శికి, పాలకవర్గ సభ్యులకు కూడా కొంత తెలిసివుండడం మంచిది. మెకానిక్కు చెప్పే మాట సరిగా వుంటే సగం ఖర్చు తగ్గుతుంది.

బ్రాడీపేట సంగతి ప్రత్యేకంగా చెప్పడానికి కారణం వుంది. అక్కడ లైన్లు ఒక వరుసన, వాటిని కోస్తూ అడ్డరోడ్లు ఒక వరుసన వుంటాయి. పాల వాను ప్రతి మూలకు ఒకసారి ఆగుతుంది. నూరు గజాలు నడవడం, ఆగడం, మళ్లీ నడవడం. ఇంజను పూర్తిగా వేడెక్కేసరికి సగం పంపకం అయిపోతుంది. హైవే మీద పోయే లారీకి ఏనాడూ తెలియని జబ్బులు ఇట్టి బండికి నెలలోనే బయటపడతాయి.

చల్లని ఇంజను అంటే ఏమిటి

మన ప్రాంతంలో మంచు పడదు గదా, చలికి ఇంజను ఆగడమేమిటని అనుకోరాదు. ధనుర్మాసంలో తెల్లవారుజామున మనకు 20 డిగ్రీల లోపు వుంటుంది. మనిషికి అది దుప్పటి చలి మాత్రమే. కాని ఇంజను హాయిగా పనిచేసేది 80, 90 డిగ్రీల దగ్గర. ఆ లెక్కన మే నెల పొద్దున కూడా ఇంజను చల్లనిదే. చలికాలంలో జబ్బు ఎక్కువగా కనబడుతుంది, అంతే తేడా.

పెట్రోలు ద్రవంగా మండదు. ఆవిరై గాలిలో కలిసినప్పుడే మండుతుంది. వేడెక్కిన ఇంజనులో తూకం ప్రకారం ఒక వంతు పెట్రోలుకు సుమారు 14.7 వంతుల గాలి సరిపోతుంది. చల్లని ఇంజనులో పెట్రోలు కొంత ఆవిరి కాకుండా గొట్టాల గోడలకే అంటుకొని పోతుంది. సిలిండరుకు చేరే మిశ్రమం నీళ్లు కలిపిన పాల వలె పలుచనవుతుంది. అందుచేత స్టార్టు చేసేటప్పుడు పెట్రోలు ఎక్కువ ఇచ్చి మిశ్రమాన్ని చిక్కన చేయాలి. దీనికి తోడు చల్లని ఆయిలు చిక్కగా వుండి ఇంజను తిరగడానికి బరువవుతుంది కాబట్టి మొదట్లో వేగం కూడా కొంచెం ఎక్కువ కావాలి. ఆరోగ్యమైన ఇంజను పొద్దున నిమిషానికి 1200 నుంచి 1500 చుట్లు తిరిగి, వేడెక్కేకొద్దీ 800, 900 దగ్గరికి దిగుతుంది. మొదటి నిమిషంలోనే 600కు పడిపోయి వణికితే ఎక్కడో లోపం వున్నట్టే.

పాత బండ్లలో ఈ పని చోకు చేస్తుంది. 1958 నుంచి 2014 దాకా తయారైన అంబాసిడర్లలో పెట్రోలు రకానికి, మొదటి మారుతి 800లకు, పాత ఓమ్ని వాన్లకు కార్బురేటరు వుండేది. ఇప్పటికీ కొన్ని తిరుగుతున్నాయి. 2000 తర్వాత వచ్చిన పెట్రోలు కార్లలో దాదాపు అన్నిటా ఇంజెక్షను పద్ధతే. వాటిలో చోకు మీట వుండదు. నీళ్ల వేడిని ఒక సెన్సారు కొలిచి చెబుతుంది, దానిని బట్టి కంప్యూటరు ఎంత పెట్రోలు చల్లాలో లెక్క కడుతుంది.

ఈ సెన్సారు సంగతి పాల పరీక్షకులకు తేలికగా అర్థమవుతుంది. 27 డిగ్రీలకు గుర్తులు వేసిన ఐ.ఎస్.ఐ. లాక్టోమీటరును వేరే వేడిలో ముంచితే సవరణ కట్టాలి గదా. థర్మామీటరు తప్పు చూపితే లాక్టోమీటరు మంచిదే అయినా లెక్క తప్పుతుంది. ఇంజను కంప్యూటరు కూడా అంతే. దానికి చెప్పిన వేడి అబద్ధమైతే అది చేసే సవరణ అంతా అబద్ధమే.

ముందు అడగవలసిన ప్రశ్నలు

స్పానరు పట్టుకొనే ముందు నాలుగు రోజులు చిన్న పుస్తకంలో రాయాలి. బండి అసలు స్టార్టు కావడం లేదా? స్టార్టయి రెండు క్షణాల్లో ఆగుతున్నదా? వణుకుతూ తిరిగి పది నిమిషాలకు బాగుపడుతున్నదా? వేడెక్కిన తర్వాత కూడా అదే తంతా? యాక్సిలరేటరు కొద్దిగా తొక్కి పట్టుకుంటే నిలబడి, వదలగానే ఆగుతున్నదా? వేడిలోనూ వణికితే అది చలి జబ్బు కాదు. వాల్వుల సందులు, కంప్రెషను, కాలిన వాల్వు మొదలైనవి చూడాలి. వేడెక్కగానే పూర్తిగా బాగుపడితే ఈ వ్యాసంలోని కారణాల్లోనే ఏదో ఒకటి.

ఎక్కువ ఖర్చు లేని వాటితో మొదలుపెట్టడం న్యాయం. బ్యాటరీ టెర్మినళ్ల మీద తెల్లగా, పచ్చగా బూజులాంటిది పట్టివుంటే విప్పి వేడినీళ్లలో తినే సోడా కలిపి కడగాలి. రాత్రంతా నిలిపిన బ్యాటరీ 12.6 వోల్టుల దరిదాపు చూపాలి, 12.4 కంటే తక్కువైతే బలహీనం. గాలి ఫిల్టరు తీసి వెలుతురుకు పట్టి చూడాలి. మన ప్రాంతంలో ఇది మరీ ముఖ్యం. మిర్చి యార్డు దారిలో ఎర్రదుమ్ము, పత్తి మిల్లుల దగ్గర తేలే నూగు పీచు ఫిల్టరును కంపెనీ పుస్తకం చెప్పిన గడువుకు చాలా ముందే మూసివేస్తాయి. పుస్తకం రాసినవారు పత్తి సీజనులో మన రోడ్లు చూడలేదు.

తర్వాత స్పార్కు ప్లగ్గులు. విప్పిన ప్లగ్గు తానే కబురు చెబుతుంది. లేత గోధుమ రంగు వుంటే బాగున్నట్టు. పొడి నల్లమసి పట్టితే పెట్రోలు ఎక్కువ పోతున్నది. తడిసి పెట్రోలు వాసన కొడితే ఆ సిలిండరులో నిప్పు పడడం లేదు. తెల్లగా సున్నంలా వుంటే మిశ్రమం పలుచన. నాలుగు ప్లగ్గులనూ తీసిన వరుసలోనే బల్ల మీద పెట్టండి. నాలుగూ ఒకే రంగైతే జబ్బు అన్నిటికీ ఉమ్మడిది, ఒకటే వేరైతే ఆ సిలిండరుదే.

హైటెన్షను వైర్లు వున్న బండికి ఒక మంచి పరీక్ష వుంది. తెల్లవారక ముందు, మంచు తేమ వున్నప్పుడు, బానెట్టు ఎత్తి దీపాలు ఆర్పి ఇంజను తిప్పండి. వైర్ల మీద, డిస్ట్రిబ్యూటరు మూత మీద నీలం రంగు నిప్పుకణాలు పాకుతూ కనిపిస్తే అక్కడ పగులు వుందని అర్థం. ప్లగ్గుకు పోవలసిన కరెంటు తేమ వెంట బాడీకి పోతున్నది. ఎండ ఎక్కి తేమ ఆరగానే బండి బాగుపడుతుంది, మెకానిక్కు షాపు తెరిచేసరికి జబ్బు మాయమవుతుంది. ఈ ఒక్క కారణం చేత ఎన్నో బండ్లు షాపుకు వెళ్లి ఏమీ లేదనిపించుకొని తిరిగి వస్తాయి. చెయ్యి మాత్రం దగ్గరికి పోనీయరాదు, దెబ్బ గట్టిగా తగులుతుంది.

దొంగగాలి

యాక్సిలరేటరు తొక్కితే బాగుండి వదిలితే ఆగే బండిలో గాలి దొంగదారిన లోపలికి పోతున్నదేమో చూడాలి. ఐడ్లింగులో థ్రాటిల్ రేకు దాదాపు మూసి వుంటుంది, ఇంజను సన్నని దారిన గాలి పీలుస్తుంది. అప్పుడు పగిలిన వాక్యూం పైపు నుంచి వచ్చే కొద్దిపాటి గాలే పెద్ద వాటా అవుతుంది. రేకు తెరుచుకోగానే ఆ వాటా లెక్కలోకి రాదు. చల్లగా వున్నప్పుడు రబ్బరు బిగుసుకొని, గాస్కెట్టు సందు కొంచెం తెరుచుకొని లోపం పెరుగుతుంది. ఇంజను తిరుగుతుండగా సన్న రబ్బరు గొట్టం ఒక కొస చెవి దగ్గర పెట్టుకొని రెండో కొసతో పైపుల వెంట వెదికితే పాము బుస లాంటి చప్పుడు దొరుకుతుంది. అనుమానం వున్న చోట సబ్బునీళ్లు కొద్దిగా చిలకరించి చూడండి. ఇంజను చప్పుడు మారితే అదే చోటు. కొందరు పెట్రోలు చల్లి చూస్తారు. అది ఇల్లు కాల్చుకొనే పద్ధతి.

కార్బురేటరు బండిలో గాలి ఫిల్టరు మూత తీసి, చోకు లాగినప్పుడు రేకు పూర్తిగా మూతపడుతున్నదీ లేనిదీ కంటితో చూడాలి. తీగ సాగిపోయి సగమే మూసుకోవడం మామూలు. అంబాసిడరులోని ఎస్.యు. కార్బురేటరుకు ఇట్టి రేకు వుండదు. చోకు లాగితే జెట్టు కిందికి దిగి పెట్రోలు ఎక్కువ వదులుతుంది. దాని పైన వున్న గొట్టంలో ఆయిలు ఎండిపోతే చల్లని ఇంజను యాక్సిలరేటరు ఇవ్వగానే గొంతు పట్టినట్టు ఆగుతుంది. రెండు చుక్కల ఆయిలుతో పోయే జబ్బుకు కార్బురేటరే మార్చినవారు వున్నారు.

ఇంజెక్షను బండి అయితే థ్రాటిల్ బాడీలో నల్లని జిడ్డు పేరుకొని, ఐడ్లింగు గాలి వాల్వు ఇరుక్కోవడం అన్నిటికంటే మామూలు కారణం. తగిన క్లీనరుతో కడిగిస్తే చాలావరకు పోతుంది. తాళం ఆన్ చేసి వుండగా రేకును వేలితో తొయ్యరాదు. ఎలక్ట్రానిక్ థ్రాటిల్ అయితే లోపలి పళ్లు విరుగుతాయి.

ఇక సెన్సారు పరీక్ష. రాత్రంతా నిలిపిన బండికి పొద్దున స్టార్టు చేయకముందే స్కానరు తగిలించి, ఇంజను నీళ్ల వేడి ఎంత, లోపలికి వచ్చే గాలి వేడి ఎంత అని చూడాలి. రెండూ దాదాపు ఒకటే వుండాలి, బయటి వేడితో సరిపోవాలి. బయట 20 వుండగా నీళ్ల వేడి 70 అని చూపితే కంప్యూటరు ఇంజను వేడిగా వుందని నమ్మి పెట్రోలు తగ్గిస్తుంది, బండి ఆగిపోతుంది. సున్నాకు దిగువన 40 అని చూపితే తీగ తెగినట్టు. అప్పుడు పెట్రోలు ముంచెత్తి నల్లపొగ వస్తుంది. స్కానరు లేకపోతే మీటరుతో కొలవవచ్చు. చాలా బండ్లలో ఈ సెన్సారు 20 డిగ్రీల దగ్గర రెండు, రెండున్నర వేల ఓములు, 80 దగ్గర మూడు వందల దరిదాపు వుంటుంది. చెక్ ఇంజను దీపం వెలగలేదు కాబట్టి సెన్సారు మంచిదే అనుకోరాదు. సున్నా దిగువ 40 వంటి అసంభవమైన అంకె వస్తేనే దీపం వెలుగుతుంది. నమ్మదగిన అబద్ధం చెప్పే సెన్సారును అది తరచు పట్టలేదు.

తాళం ఒకసారి తిప్పగానే స్టార్టు కాక, మూడుసార్లు ఆన్ చేసి ఆపి ఆ తర్వాత స్టార్టు చేస్తే బాగా అందుకుంటున్నదా? అట్లయితే రాత్రిపూట పైపులోని పెట్రోలు ట్యాంకుకు జారిపోతున్నది. పంపు దగ్గరి వాల్వు చూపించాలి.

థర్మోస్టాటు గురించి

దీని మీద కొంచెం గట్టిగానే చెప్పాలి. వేడి దేశానికి అక్కరలేదని మన వైపు థర్మోస్టాటు తీసి పారేసే అలవాటు వుంది. అది నీళ్లను 80, 88 డిగ్రీల మధ్యకు చేరేదాకా రేడియేటరుకు పోనీయకుండా ఆపే తలుపు. తలుపు లేకపోతే ఇంజను వేడెక్కడానికి రెండింతల సేపు పడుతుంది. బ్రాడీపేటలో ఆగుతూ పోయే వానుకైతే పంపకం అయ్యేదాకా వేడెక్కదు. అంతసేపూ చిక్కటి మిశ్రమమే పోయి ప్లగ్గులు మసిబారతాయి, పెట్రోలు ఆయిలులోకి దిగుతుంది, మైలేజి పడిపోతుంది. అనుమానమైతే థర్మోస్టాటును విప్పి గిన్నె నీళ్లలో దారంతో వేలాడగట్టి కాచి చూడండి. దాని మీద వేసిన డిగ్రీ దగ్గర తెరుచుకోవాలి. ఇంజను మరీ వేడెక్కుతుంటే రేడియేటరు శుభ్రం చేయించాలి గాని థర్మోస్టాటు తీయరాదు.

ఎథనాలు, గ్యాసు, డీజిలు

20 శాతం ఎథనాలు కలిసిన పెట్రోలు 2023లో బంకులకు రావడం మొదలై, 2025 నాటికి దేశమంతటా మామూలైంది. ఎథనాలు ఆవిరి కావడానికి పెట్రోలు కంటే రెండింతలకు పైగా వేడి తీసుకుంటుంది. పైగా ఈ మిశ్రమానికి 14.7 బదులు 13.5 వంతుల గాలే సరిపోతుంది. ఇంజెక్షను బండి దీనిని తానే సవరించుకుంటుంది. కార్బురేటరు సవరించుకోలేదు, పాత జెట్టుతో మిశ్రమం పలుచనై పొద్దున ఆగడం ఎక్కువవుతుంది. చోకు ఒక నిమిషం ఎక్కువసేపు వుంచడం, జెట్టు సరిచేయించడం, పాత రబ్బరు పైపులు మార్చడం తప్పదు.

గ్యాసు మీద నడిచే వాన్లలో చాలావరకు పెట్రోలు మీద స్టార్టయి తర్వాత గ్యాసుకు మారుతాయి. ఖర్చు కలిసివస్తుందని ట్యాంకులో నెలల తరబడి రెండు లీటర్లే వుంచితే ఆ పెట్రోలు పాతబడి, తేమ పీల్చి పొద్దున మొండికేస్తుంది. వారానికొకసారి కొంతదూరం పెట్రోలు మీద నడిపి కొత్తది పోయించాలి.

డీజిలు బండికి చోకు, స్పార్కు ప్లగ్గు వుండవు. పొద్దున తెల్లపొగ కక్కుతూ వణికి, వేడెక్కాక సర్దుకుంటే హీటరు ప్లగ్గులు చూపించాలి. కలిపే పట్టీ విప్పి, బ్యాటరీ ప్లస్సు నుంచి టెస్టు దీపం ఒక్కొక్క ప్లగ్గుకు తగిలిస్తే, దీపం వెలగని ప్లగ్గు పోయినట్టు.

ఈ పరీక్షలన్నీ ఆరుబయటనే చేయాలి. మూసిన షెడ్డులో, ముఖ్యంగా గొడ్ల కొట్టం పక్కన ఇంజను తిప్పరాదు. చిక్కటి మిశ్రమం మీద నడిచే చల్లని ఇంజను పొగలో కార్బన్ మోనాక్సైడు ఎక్కువ. దానికి వాసన వుండదు, మనుషులకూ పశువులకూ ప్రాణాంతకం. కార్బురేటరులో సీసాతో పెట్రోలు పోసి స్టార్టు చేయడం కూడా మానాలి.

బండి దారిలో నిజంగానే ఆగిపోతే ముందు క్యాన్ల సంగతి చూడండి. నీడకు చేర్చి తడి గోనెసంచులు కప్పి, వేరే బండికి ఫోను చేసి, ఆగిన వేళ పుస్తకంలో రాసుకోండి. స్టార్టరును పదేపదే కొట్టి బ్యాటరీ చంపుకోవడం కంటే, ఒక్కోసారి పది సెకండ్లకు మించకుండా తిప్పి, మధ్యలో అర నిమిషం ఆగడం మేలు. పెట్రోలు వాసన గుప్పుమంటే ఇంజను మునిగినట్టు. యాక్సిలరేటరు పూర్తిగా తొక్కి పట్టుకొని తిప్పితే లోపలి తడి ఆరి సాధారణంగా అందుకుంటుంది.