పారిష్ పెట్టెలో ప్రజల చరిత్ర

చరిత్రలో రాజుల పేర్లకు కొదవ లేదు. వారు కోటలు కట్టించారు, శాసనాలు వేయించారు, కవులచేత కావ్యాలు చెప్పించుకొన్నారు. మరి పొలం దున్నిన రైతు పేరు, కూలికి పోయి బిడ్డలను పెంచిన తల్లి పేరు ఎక్కడ దొరుకుతాయి? ఇంగ్లండు పల్లెలలో ఈ ప్రశ్నకు ఒక సమాధానం ఉంది. అక్కడి చర్చిలలోని చెక్కపెట్టెలు శతాబ్దాల పాటు సామాన్యుల పేర్లను కాపాడాయి.

ఒక చర్చి పరిధిలోని ప్రాంతాన్ని ఇంగ్లండులో 'పారిష్' అంటారు. ఎనిమిదవ హెన్రీ రాజుకు మంత్రిగా ఉన్న థామస్ క్రామ్‌వెల్ 1538లో ఒక ఉత్తర్వు జారీ చేశాడు. ప్రతి పారిష్‌లో జరిగే బాప్తిస్మాలను, వివాహాలను, ఖననాలను మతగురువు వారం వారం ఒక పుస్తకంలో నమోదు చేయాలి. ఆ పుస్తకాన్ని రెండు తాళాల పెట్టెలో ఉంచి, ఒక తాళంచెవి గురువు వద్ద, మరొకటి చర్చి పెద్దల వద్ద ఉంచాలి. ఇదంతా కొత్త పన్ను వేయడానికేనని నాడు ప్రజలు భయపడ్డారు.

తొలినాటి కాగితపు పుస్తకాలు శిథిలం కాసాగాయి. అందువల్ల వాటిని చర్మపత్రాలపైకి ఎత్తి రాయాలని 1598లో ఆదేశించారు. ఎలిజబెత్ రాణి పాలన ఆరంభమైన 1558 నుండి రాస్తే చాలునని అనేక పారిష్‌లు భావించాయి. ఫలితంగా ఆ గ్రామాలలో అంతకుముందు ఇరవై ఏళ్ల పేర్లు శాశ్వతంగా మాసిపోయాయి.

ఆ పెట్టెలో మరికొన్ని పత్రాలు కూడా ఉండేవి. 1601 నాటి చట్టం పేదల పోషణభారాన్ని పారిష్‌పై మోపింది. ఎవరు ఏ పారిష్‌కు చెందినవారో తేల్చి, పరాయివారిని వెనుకకు పంపే అధికారం 1662లో వచ్చింది. దిక్కులేని మనిషిని న్యాయాధికారి ఎదుట నిలిపి, ఎక్కడ పుట్టావు, ఎవరి వద్ద పనిచేశావు, ఎవరిని పెళ్లాడావు అని అడిగి రాసుకొనేవారు. ఖర్చు తప్పించుకోవడానికి వేసిన ఆ ప్రశ్నలే ఒక నిరుపేద జీవితకథను నేటికి మిగిల్చాయి. 1754 నుండి వధూవరులు రిజిస్టరులో సంతకం చేయవలసి వచ్చింది. చదువురానివారు ఒక గుర్తు పెట్టారు. ఆ గుర్తులను లెక్కించి పండితులు నాటి అక్షరాస్యతను అంచనా వేశారు.

ఈ పుటల విలువను లోకానికి చాటిన గ్రామం డెవన్ కౌంటీలోని కోలిటన్. చరిత్రకారుడు ఇ. ఎ. రిగ్లీ ఆ పారిష్ రిజిస్టర్లలోని పేర్లను ఒకదానితో ఒకటి జోడించి, కుటుంబాలను పునర్నిర్మించి, 1966లో ఆ ఫలితాలను ప్రకటించాడు. పూర్వకాలపు స్త్రీలందరికీ చిన్నతనంలోనే పెళ్లిళ్లు జరిగేవన్న అభిప్రాయం అక్కడ నిలువలేదు. కోలిటన్ స్త్రీల సగటు వివాహ వయస్సు పదునారవ శతాబ్దపు ద్వితీయార్ధంలోనే ఇరవై ఏడేళ్లకు చేరువగా ఉంది. 1645-46లో ప్లేగు సుమారు నాలుగు వందల మందిని బలిగొన్న తరువాత అది ముప్పైకి సమీపించింది.

అయితే ఈ రిజిస్టర్లు సంపూర్ణం కావు. బాప్తిస్మానికి ముందే కన్నుమూసిన పసికందులు, చర్చితో విభేదించిన కుటుంబాలు వీటిలో కనిపించకపోవచ్చు. 1642లో మొదలైన అంతర్యుద్ధ కాలంలో అనేకచోట్ల పుటలు ఖాళీగా మిగిలాయి. అందుచేత పరిశోధకుడు ఉన్న పేర్లనే కాక, లేని పేర్లను గూర్చి కూడా ఆలోచించాలి.

1837లో ప్రభుత్వమే జనన మరణాల నమోదును చేపట్టింది. పాత రిజిస్టర్లలో అధికభాగం నేడు కౌంటీ పత్రభాండాగారాలలో ఉన్నాయి. తమ పూర్వికులను వెదుక్కొంటూ దేశదేశాల నుండి వచ్చినవారు వాటిని పరిశీలిస్తున్నారు. పాలన కోసం, పొదుపు కోసం రాసిన రాతలే పేదవానికి చరిత్రలో చోటు కల్పించాయి. ఒక పుట చినిగితే పోయేది కాగితం మాత్రమే కాదు. మరెక్కడా పేరులేని ఒక మనిషి ఉనికి కూడా దానితోపాటే పోతుంది.