కోట మెట్ల మీద నాన్న మూడుసార్లు ఆగారు

నిరుడు సంక్రాంతి సెలవుల్లో ఇంటిల్లిపాదీ భువనగిరి కోటకు వెళ్లాం. పశ్చిమ చాళుక్య రాజు త్రిభువనమల్ల ఆరో విక్రమాదిత్యుడి కాలం నాటి కోట. ఆయన పేరు మీదే త్రిభువనగిరి, అదే భువనగిరి అయిందంటారు. 500 అడుగులకు పైగా ఎత్తున్న ఒకే బండరాయి అది. మెట్లన్నీ ఒకే ఎత్తులో ఉండవు, నీడా తక్కువే.

నాన్నకు 68 ఏళ్లు. షుగర్ ఉంది, కానీ రోజూ అరగంట నడుస్తారు. సగం దారిలో ఛాతీ మీద చెయ్యి వేసుకుని నిలబడ్డారు. ‘పట్టేసినట్టుందిరా. పొద్దున తిన్న గారెల గ్యాసు’ అన్నారు. రెండు నిమిషాలు కూర్చోగానే తగ్గింది. మళ్లీ లేచారు. నేనూ సరే అనబోయాను.

‘మామయ్య ఆగడం ఇది మూడోసారండీ. మీ ఓపీలో ఎవరైనా ఇలా చెబితే కొండ ఎక్కనిస్తారా?’ అంది మా ఆవిడ.

పిల్లలు సణుగుతున్నా మెల్లగా దిగిపోయి, దారిలోనే ఈసీజీ తీయించాం. నార్మల్! ‘చెప్పానా’ అన్నట్టు చూశారు నాన్న. కానీ నొప్పి లేనప్పుడు తీసిన ఈసీజీ నార్మల్‌గా ఉన్నంత మాత్రాన గుండె బాగున్నట్టు కాదు. ఆ సాయంత్రమే గుండె డాక్టర్‌కి చూపించాం. యాంజియోగ్రామ్‌లో ప్రధాన రక్తనాళం 80 శాతం పూడుకుపోయి కనిపించింది. స్టెంట్ వేశారు.

మరి రోజూ నడిచినా ఎందుకు బయటపడలేదు? చదును నేల మీద నెమ్మదిగా నడిస్తే గుండెకు పెద్ద పని ఉండదు. మెట్లెక్కేటప్పుడు దానికి రక్తం ఎక్కువ కావాలి. ఇరుకైన నాళం అంత అందించలేదు. అందుకే శ్రమ పడితే పట్టేయడం, ఆగితే తగ్గడం. దీన్నే యాంజైనా అంటాం. గ్యాసు ఇలా మెట్లు లెక్కపెట్టుకుని రాదు. షుగర్ ఉన్నవాళ్లలో కొందరికి నొప్పే తెలియదు. ఆయాసం, చెమటలు, దవడలోనో ఎడమ చేతిలోనో లాగడం మాత్రమే ఉండొచ్చు. ఇలాంటిది మొదటిసారి వస్తే అదే రోజు డాక్టర్‌ను కలవండి. కూర్చున్నా అయిదు పది నిమిషాల్లో తగ్గకపోతే 108కి ఫోన్ చేయండి. సొంతంగా నడిచి దిగొద్దు.

కొండ ఎక్కేటప్పుడు పక్కవాళ్లతో మాట్లాడుతూ నడవండి. మాట తెగుతోందంటే వేగం ఎక్కువైనట్టే. ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ వాడేవాళ్లు ఖాళీ కడుపుతో ఎక్కొద్దు, జేబులో గ్లూకోజ్ ఉంచుకోండి. పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లు కాలే బండ మీద చెప్పులు విప్పితే బొబ్బలు ఖాయం. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు ఎక్కడం కన్నా దిగడమే కష్టం. చేతికర్ర తీసుకెళ్లండి, సిగ్గేం లేదు.

ఈ సంక్రాంతికి, గుండె డాక్టర్ సరేనన్నాక, మళ్లీ వెళ్లాం. పోయినసారి ఆగిన చోటు దాకా నాన్న ఎక్కి, అక్కడే కూర్చుండిపోయారు. పైనున్న నీటి గుంటను మనవరాలు ఫోన్‌లో ఫొటో తీసుకొచ్చి చూపించింది.