పిత్తాశయమున రాళ్లు పుట్టు విధము

మానవ శరీరమున కుడివైపు ప్రక్కటెముకల మాటున కాలేయము కలదు. దాని అడుగున బేరిపండు ఆకారముగల చిన్న సంచి యొకటి అంటియుండును. అదియే పిత్తాశయము. కాలేయము రాత్రింబగళ్లు పిత్తరసమును తయారుచేయుచుండును. అందు కొంత యీ సంచిలో నిలిచి చిక్కబడి, మనము భుజించినపుడు చిన్నప్రేగులోనికి దిగి క్రొవ్వులు జీర్ణమగుటకు తోడ్పడును. ఇంత మెత్తని సంచిలో గట్టి రాళ్లెట్లు పుట్టును?

ఆ రాళ్లలో పెక్కింటికి మూలము కొలెస్టరాల్ అను పదార్థము. 19వ శతాబ్ది తొలినాళ్లలో ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు షెవ్రల్ దీనికి నామకరణము చేసెను. గ్రీకు భాషలో 'ఖోలె' యనగా పిత్తము. 'స్టెరియోస్' యనగా ఘనము. ఇది శరీరమునకు శత్రువు కాదు. కణముల పొరలకును, కొన్ని హార్మోనులకును, పిత్తలవణములకును ఇదియే ముడిసరుకు.

అయితే కొలెస్టరాల్ నీటిలో కరుగదు. పిత్తరసమందలి లవణములును, లెసిథిన్ అను పదార్థమును దానిని పొదివిపట్టి రసములో నిలుపును. 1968లో అడ్మిరాండ్, స్మాల్ అను అమెరికా శాస్త్రజ్ఞులు ఈ మూడింటి పాళ్లను పోల్చి, కొలెస్టరాల్ పాలు మితిమీరినచో అది విడివడునని వివరించిరి. పాకము ముదిరినపుడు పంచదార పలుకులు కట్టినట్లే యిదియును. సంచి చక్కగా ముడుచుకొననిచో, ఆ పలుకులు జిగురులో చిక్కుకొని క్రమముగా రాళ్లగును.

శరీరము కొలెస్టరాల్‌ను తానే తయారుచేసికొనును. ప్రేగుల నుండియు గ్రహించును. ప్రేగులోనికి ఆహారముతో చేరుదానికంటె పిత్తముతో దిగునదే సాధారణముగా హెచ్చు. అందు సుమారు సగము మరల శరీరములోనికి పోవును. ఇందులకు ప్రేగు కణములపైనున్న ఎన్‌పిసి1ఎల్1 అను మాంసకృత్తు ద్వారమువంటిదని 2004లో తెలియవచ్చెను.

ఆ ద్వారమును మూసినచో రాళ్లు పుట్టకుండునా? ఎలుకలకు ఎజెటిమైబ్ అను మందిచ్చి ప్రేగుల గ్రహణమును తగ్గింపగా రాళ్లు నివారింపబడినట్లు 2008లో ప్రకటింపబడెను. కాని మానవుల విషయము వేరుగా కనబడెను. పుట్టుకతో ఆ ద్వారము కొంత బలహీనముగా నున్నవారికి గుండెజబ్బు తక్కువయైనను, పిత్తాశయపు రాళ్లు ఎక్కువయని కోపెన్‌హాగన్‌లో జరిగిన పరిశోధన 2015లో తెలిపెను.

దీనికొక కారణము ఊహింపబడుచున్నది. మానవులలో ఆ మాంసకృత్తు కాలేయమందును కలదు. అచ్చట నది పిత్తములోనికి పోయిన కొలెస్టరాల్‌లో కొంత వెనుకకు తీసికొనును. ఎలుకల కాలేయమున నది బహుస్వల్పము. కావున మనుష్యునియందు ద్వారము బలహీనమైనచో పిత్తములోనే కొలెస్టరాల్ మిగిలిపోవచ్చును. జంతువునందు ఫలించినది మానవునియందును ఫలించునని పరీక్షింపక నమ్మరాదని యిందువలన తెలియుచున్నది.

పెక్కుమందికి ఈ రాళ్లు ఏ బాధయు కలిగింపవు. కాని రాయి నాళమున చిక్కినచో కడుపు పైభాగమున తీవ్రమైన నొప్పి పుట్టును. దానికి జ్వరమో, కామెర్లో తోడైనచో తక్షణము వైద్యుని చూడవలెను. 1882లో బెర్లిన్ నగరమున లాంగెన్‌బుఖ్ అను శస్త్రవైద్యుడు మొదటిసారిగా పిత్తాశయమునే తొలగించి రోగిని రక్షించెను. స్థూలకాయము రాళ్లకు దోహదమగును. దానిని తగ్గింపగోరి కఠినోపవాసములతో త్వరత్వరగా చిక్కిపోవుటయు అట్టిదే. కావున వేళకు మితాహారము భుజించుటయు, బరువును మెల్లమెల్లగా తగ్గించుకొనుటయు మేలు.